పిల్లలకు ప్రపంచచరిత్ర: మంచి పుస్తకము నెఱుగుట యెట్లు?

ఎద్దును కొనుటకు సంతకు పోయిన రైతు మొదటనే వెల యడుగడు. పండ్లు చూచును, గిట్టలు చూచును, మూపు తట్టి చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అటు పిమ్మటనే బేరము. కాని బిడ్డ చదువునకై పుస్తకము కొనవలసివచ్చినపుడు మన మీ జాగ్రత్తలో నాలవ వంతైనను చూపము. అట్ట బాగున్నదా, వెల తక్కువయా, పరీక్షకు వచ్చునా యని మూడు మాటలడిగి సంచిలో వేసికొని వచ్చెదము. ఎద్దు చెడ్డదైనచో ఒక యేటి సేద్యము చెడును. చరిత్రపుస్తకము చెడ్డదైనచో బిడ్డ మనసున ఒక తప్పులోకము నిలిచిపోవును; ముసలితనము వచ్చినను అది కదలదు. కావున ప్రపంచచరిత్రపుస్తకమును కొనుటకు ముందు దాని నెట్లు నడిపించి చూడవలయునో నాకు తెలిసినంతలో నేడు మనవి చేసెదను.

పాఠ్యపుస్తకములను ప్రభుత్వమువారే నిర్ణయించుచున్నారు గదా, ఇందు మాకు పని యేమి యని మీ రడుగవచ్చును. నిజమే. బడిలో చదువవలసిన మొదటి పుస్తకము మన యెన్నికలో లేదు. అయినను ఇంటియందును, గ్రామ గ్రంథాలయమునందును ఉండవలసిన రెండవ పుస్తక మొకటి కలదు. దానిని ఎన్నుకొను భారము మనదే. మొదటి పుస్తకము తఱచుగా కుదింపబడుచుండును. 2006లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు పదునొకండవ తరగతికి ప్రకటించిన ప్రపంచచరిత్రనుండి 2022లో పాఠ్యభారము తగ్గించుటకని కొన్ని ప్రకరణములు తొలగింపబడినవి. అందు పారిశ్రామిక విప్లవమును గూర్చిన ప్రకరణ మొకటి. మన నేతగాని మగ్గ మేల మూలబడెనో తెలిసికొనుటకు ఆధారమైన ప్రకరణమది. బడిపుస్తకము విడిచిన దానిని రెండవ పుస్తకము పూరింపవలయును.

ముందుగా నేను చేసిన తప్పొకటి చెప్పెదను. నేను ఉపాధ్యాయుడనుగా నున్న దినములలో మా బడి గ్రంథాలయమునకు ఒక ప్రపంచచరిత్రను కొనిపించితిని. పెద్ద పుస్తకము, బంగారు వన్నె యక్షరముల అట్ట, నిగనిగలాడు కాగితము. లోపలి పుటలు నాలుగైన చదువక దానిని మెచ్చితిని. కొన్నాళ్లకు ఒక బాలుడు ఆ పుస్తకమును చేతబట్టుకొని నాయొద్దకు వచ్చి, "అయ్యా, మా ముత్తాత 1914లో మొదలైన పెద్ద యుద్ధమునకు పోయి వచ్చెనట. ఆయన పతకము మా యింట నున్నది. ఇందు ఆ యుద్ధమును గూర్చి ఇన్ని పుటలున్నవి. మనవారు పోయినట్లు ఒక్క ముక్కయు లేదేమి?" అని యడిగెను. నేను పుస్తకము తిరుగవేసితిని. లేదు. నా కప్పుడు సిగ్గు కలిగెను; ఆ సిగ్గును కప్పుకొనుటకు, "అది పరీక్షకు రాదు లెమ్ము" అంటిని. బాలుడు మాఱు మాటాడక పోయెను. ఆ పుస్తకమును మఱల తీసికొనలేదు.

ఆ యుద్ధమున పది లక్షలకు మించిన భారతీయులు సముద్రము దాటి పనిచేసిరి. డెబ్బది వేలకు మించి తిరిగి రాలేదు. హైదరాబాదు లాన్సర్లను ఆశ్వికదళము జోధపురము, మైసూరు దళములతో గూడ ఒకే పటాలముగా పాలస్తీనా రంగమున పోరాడెను. ఆ మూడు సంస్థానముల సైనికుల జ్ఞాపకార్థము 1922లో ఢిల్లీనగరమున నిలిపిన మూడు విగ్రహములవలననే ఆ కూడలికి తీన్‌మూర్తి యని పేరు వచ్చినది. ఇది తెలిసియుండినచో ఆ బాలునికి నేను వేఱు సమాధానము చెప్పియుందును. ప్రపంచచరిత్ర యనగా ఎవరిదో చరిత్ర, మనము ఒడ్డున నిలిచి చూచువారము అను భావము ఒకసారి మనసున నాటుకొన్నచో, బిడ్డకు ఆ పుస్తకముపైననే కాక తనపైనను తన యూరిపైనను గౌరవము తగ్గును.

ప్రపంచచరిత్ర మన గడప వఱకు వచ్చునా యని సందేహింపవలదు. నేను నివసించునది సికింద్రాబాదు చెంతనున్న తిరుమలగిరి. ఇది దండుప్రదేశము. 1857 తిరుగుబాటు పిమ్మట తెల్లదండు భద్రముగా నుండుటకై ఇచ్చట కందకముతో కూడిన కోట కట్టబడినది. అసలు ఈ దండు ఇచ్చటి కేల వచ్చినది? సమాధానము వెదకుకొనుచు పోయినచో ప్యారిసు నగరమునకు చేరుదుము. 1789లో ఫ్రాన్సుదేశమున ప్రజలు రాజుపై తిరుగబడిరి. 1793లో ఆ రాజు శిరస్సు ఖండింపబడినది. ఆ యేడే ఇంగ్లండునకును ఫ్రాన్సునకును యుద్ధము మొదలైనది. ఆ దినములలో నిజాము అలీఖానునకు రేమండు అను ఫ్రెంచివాని క్రింద పెద్ద సేన యుండెను. 1798లో నెపోలియను ఈజిప్టులో దిగెను. అతడు టిప్పుసుల్తానుతో చేయి కలుపునేమో, హైదరాబాదులోని ఫ్రెంచిసేన వారికి తోడగునేమో యని ఆంగ్లేయులకు భయము పుట్టెను. రేమండు ఆ యేడే మరణించెను. 1798 సెప్టెంబరు 1వ తేదీన ఆంగ్లేయులు నిజాముతో సంధి చేసికొనిరి. అక్టోబరులో ఫ్రెంచిసేన పోరు లేకయే ఆయుధములు విడిచెను. దాని స్థానమున ఆంగ్లేయుల సేన నిలిచెను. దాని వ్యయము నిజాముపై పడెను. ఆ దండు నిలిచిన చోటనే 1806లో సికందర్ జా పేర సికింద్రాబాదు వెలసెను.

చూడుడు. ప్యారిసులో రాజు తల తెగిన అయిదేండ్లకు హుస్సేనుసాగరము చెంతకు పరదేశపు దండు వచ్చినది. ఫ్రెంచి విప్లవమును గూర్చి పది తేదీలను వల్లించిన బాలునికంటె ఈ యొక్క గొలుసును పట్టుకొన్న బాలుడు ఎక్కువ చరిత్ర నెఱిగినవాడు. దేశమునకును దేశమునకును నడుమ నున్న ఇట్టి గొలుసును చూపునదే మంచి పుస్తకము. దానిని గుర్తించుటకు నేను కొన్ని పరీక్షలు పెట్టుకొన్నాను. వీనికి ఆంగ్లభాషగాని, పట్టముగాని అక్కఱలేదు. అక్షరము లెఱిగి, లోకానుభవమున్న పెద్ద లెవరైనను చేయవచ్చును.

మొదటిది విషయసూచికా పరీక్ష. పుస్తకము పేరు ప్రపంచచరిత్ర యని యుండును. తెఱచి చూచినచో నూటికి ఎనుబది పుటలు ఐరోపాఖండపు రాజుల కలహములే యుండవచ్చును. చీనా, అరబ్బు దేశములు, ఆఫ్రికా, అమెరికా ఖండములకు ఎన్ని పుటలు దక్కినవో వ్రేళ్లపై లెక్కింపుడు. పిమ్మట 1492కు సంబంధించిన పుటను తీయుడు. "కొలంబసు అమెరికాను కనుగొనెను" అని చెప్పి ఊరకున్నదా? అంతకుముందే అచ్చట మాయా, ఇంకా మొదలగు జాతులవారు నగరములు కట్టుకొని యుండిరనియు, పిమ్మట ఐరోపీయుల కత్తులచేతను వారు తెచ్చిన అంటువ్యాధులచేతను అపారముగా మరణించిరనియు చెప్పినదా? ఇంకొక మాట చెప్పిన మఱింత మేలు. మన మిరపకాయ, వేరుసెనగ, మొక్కజొన్న, పొగాకు ఇవన్నియు ఆ ఖండమునుండి వచ్చినవే. అంతకు పూర్వము మన వంటలకు కారము మిరియములదే. మిరప తోట వేయు రైతు బిడ్డకు 1492వ సంవత్సరము తన చేనిగట్టుపై కనబడవలయును.

రెండవది మనవారి పరీక్ష. తెలుగుదేశము ఏనాడును తలుపులు మూసికొని కూర్చుండలేదు. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున శాసనము నిలిపి, దూరదేశముల సముద్రవర్తకులకు అభయ మిచ్చెను. తుపానులో చిక్కి ఒడ్డున పడిన ఓడల సరకును దొరతనము హరింపదనియు, తగిన సుంకము మాత్రమే గైకొనుననియు చాటెను. ఆ శాసనము 13వ శతాబ్ది నడిమి కాలపుది. ఆ శతాబ్ది కడపట ఈ తీరమును గూర్చి వ్రాసిన వెనీసు నగరపు మార్కోపోలో ఇచ్చట ఒక రాణి పాలించుచున్నదని చెప్పెను. ఆమె రుద్రమదేవియే యని చరిత్రకారులు భావింతురు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. ఆంగ్లసామ్రాజ్యమున బానిసత్వమును రద్దు చేయు శాసనము 1833లో చేయబడగా, చెఱకుతోటలకు పనివారు కావలసివచ్చి, మారిషసు మొదలగు ద్వీపములకు కూలీలను ఒడంబడికపై కొనిపోయిరి. గోదావరి ముఖమునందలి కోరింగ రేవునుండియు తెలుగువా రట్లు పోయిరి. వారి సంతతివారు నేటికిని మారిషసులో తెలుగు పండుగలు చేసికొనుచున్నారు. ఇవి యన్నియు ఒక్క పుస్తకమున దొరకవు. కాని బానిసత్వము రద్దైనదని చెప్పి, ఆ బానిసల స్థానమున ఎవరిని నిలిపిరో చెప్పని పుస్తకము సగము మాటయే చెప్పినదని యెఱుగుడు.

ఇచ్చట ఒక హెచ్చరిక. మనవారి పేరు లేని పుస్తకమెట్లో, సర్వమును మనవారే కనిపెట్టిరని చెప్పు పుస్తకమును అట్లే విడువవలయును. మొదటిది బిడ్డను కుంగదీయును. రెండవది వానిని బావిలోని కప్పను చేయును. సత్య మెట్లుండునో తెలియుటకు చేతనున్న పుస్తకమునే చూడుడు. కాగితము చీనావారి శిల్పము. అరబ్బుల మూలమున పడమటికి పోయినది. పుటలపై నున్న అంకెలు మన దేశమున పుట్టినవి. అవియు అరబ్బుల చేతులమీదుగనే ఐరోపాకు పోయినవి. కదలు అక్షరములతో అచ్చువేయుట చీనా, కొరియా దేశములలో ముందుగా తెలిసినది. ఐరోపాలో 15వ శతాబ్ది నడుమ జర్మనీ దేశపు గుటెన్‌బర్గు దానిని యంత్రముతో సాధించెను. ఒక్క పుస్తకమును చేయుటకు ఇన్ని జాతులు పాటుపడినవి. ఏ యొక్కరిది మఱుగుపఱచినను లెక్క తప్పును.

మూడవది పటముల పరీక్ష. పటములు లేని ప్రపంచచరిత్ర, సరిహద్దురాళ్లు లేని పొలము వంటిది. పటములున్నను ఒక మోసము గలదు. గోళముగా నున్న భూమిని బల్లపఱుపు కాగితముపై పఱచునపుడు ఉత్తరపు దేశములు ఉబ్బిపోవుట కలదు. అట్టి పటమున గ్రీన్‌లాండు అను మంచుదీవి ఆఫ్రికాఖండమంత కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికి సుమారు పదునాలుగు రెట్లు పెద్దది. మీరు ఆ రెంటిని వెదకి చూడుడు. రెండును సమానముగా నుండి, క్రింద ఒక్క మాటయైనను హెచ్చరిక లేకున్నచో, ఆ పుస్తకకర్త పటమును ఆలోచింపక అంటించినాడని గ్రహింపుడు.

నాలుగవది కాలపరీక్ష. సంవత్సరములు రాశిగా పోసిన మాత్రమున కాలజ్ఞానము కలుగదు. ఏది ముందు, ఏది వెనుక, ఒకే కాలమున ఎచ్చట నేమి జరుగుచుండెను, ఇది తెలియవలయును. ప్రక్కప్రక్కల గళ్లు గీసి, ఒక గడిలో చీనా, ఒక గడిలో ఐరోపా, ఒక గడిలో భారతదేశము చూపు కాలపట్టిక గల పుస్తకము ఉత్తమము. మనలో పెద్దలకు ఫసలీ, శాలివాహన శకము అలవాటే. శకమునకు 78, ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము సుమారుగా వచ్చును. ఇంటిలోని పాత పట్టాను, దస్తావేజును చేతికిచ్చి ఈ లెక్క బిడ్డచేత చేయింపుడు. తాతల భూమి కాగితము కాలపట్టికలో ఒక గడియందు చేరగానే వానికి చరిత్రపై మనసు కుదురును.

ఐదవది ప్రమాణపరీక్ష. నా దృష్టిలో ఇది అన్నిటికంటె ముఖ్యము. తర్కము చదివిన మా వంటివారికి ఒక మాట వినగానే, ఇందుకు ప్రమాణ మేమి యని యడుగుట అలవాటు. చరిత్రకు ప్రమాణములు శాసనములు, నాణెములు, త్రవ్వకములలో దొరకిన వస్తువులు, ఆనాటి వ్రాతలు. మంచి పుస్తకము అప్పుడప్పుడైనను, "ఇది మనకు ఇట్లు తెలిసినది" అని చెప్పును. పండితులలో భేదాభిప్రాయ మున్నచోట పూర్వపక్షమును ఎదుట నిలిపి, పిమ్మటనే సిద్ధాంతము చెప్పును. చెడ్డ పుస్తకము సర్వజ్ఞునివలె మాటాడును.

కారణములు చెప్పు తీరును గూడ చూడవలయును. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినచో, కాకియే పండును పడవేసినదనుట కాకతాళీయము. 1914 జూను 28వ తేదీన సరాయెవో నగరమున ఆస్ట్రియా యువరాజు చంపబడెను. అందుచేత ప్రపంచయుద్ధము వచ్చెను, అని రెండు వాక్యములతో ముగించు పుస్తకము లున్నవి. కుండకు కుమ్మరి నిమిత్తకారణము, మన్ను ఉపాదానకారణము. మన్ను లేనిదే కుమ్మరి యేమి చేయగలడు? ఆ హత్య నిమిత్తమాత్రము. రాజ్యములు రెండు జట్టులుగా కట్టుకొనుట, వలసరాజ్యములకై పోటీ, ఏటేట పెరిగిన సేనలు, ఓడలు, ఇవి మన్ను. పుస్తకము రెంటిని వేఱువేఱుగా చూపినదా? ప్రకరణము చివరనున్న ప్రశ్నలు ఎప్పుడు, ఎవరు అని మాత్రమే అడుగుచున్నవా, లేక ఏల అనియు అడుగుచున్నవా? ఏల యని యడుగనిది కంఠపాఠమునకే గాని తెలివికి కాదు.

ఆఱవది భాషాపరీక్ష. ఇది సులభము. ఏదేని ఒక పుటను బిడ్డచేత బిగ్గఱగా చదివింపుడు. పిమ్మట పుస్తకము మూసి, చదివినది తన మాటలలో చెప్పుమనుడు. చెప్పగలిగినచో పుస్తకము మంచిది. బిడ్డ తెల్లబోయినచో తప్పు వానిది కాకపోవచ్చును. పరభాషావాక్యమును ఎత్తి తెలుగులో పడవేసిన అనువాదకునిది కావచ్చును. ఒకే దొర పేరు మూడుచోట్ల మూడు విధముల వ్రాసినను సందేహింపవలసినదే. తెలుగున ప్రపంచచరిత్ర వ్రాయుట సాధ్యము కాదనువారి మాట వినకుడు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. ఆ మండలి ప్రకటించిన మొదటి గ్రంథ మేదో తెలియునా? 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. దూరపు అమెరికాలో బానిసల విడుదలకు కారకుడైన పురుషుని జీవితముతో తెలుగువారి విజ్ఞానగ్రంథమాల ప్రారంభమైనది.

ఏడవది ముద్రణవత్సర పరీక్ష. అట్ట క్రొత్తదైనను లోపలిది పాతదై యుండవచ్చును. సోవియట్ సమ్మేళనము 1991లో విచ్ఛిన్నమైనది. చెకొస్లొవేకియా 1993లో రెండు దేశములైనది. దక్షిణ సూడాను 2011లో ఏర్పడినది. నేటి లోకపటమని చూపిన పుటలో ఈ మూటిని సరిచూచుకొన్నచో పుస్తకము వయస్సు తెలియును.

ఈ యేడింటను పూర్ణముగా నెగ్గిన పుస్తకమును నేను చూడలేదు. ఉదాహరణమునకు జవహర్‌లాల్ నెహ్రూగారి ప్రపంచచరిత్ర లేఖలు. 1930 మొదలు 1933 వఱకు చెఱసాలలలో నుండి కుమార్తెకు వ్రాసిన 196 లేఖలవి. 1934లో గ్రంథముగా వెలువడినవి. ఆసియాఖండమునకు అందు గొప్ప స్థాన మున్నది. గొలుసును చూపుటయు, బిడ్డతో మాటాడినట్లు వ్రాయుటయు అందలి గుణములు. కాని చెఱసాలలో తగిన గ్రంథాలయము లేక వ్రాసినదగుటచే వివరములను వేఱుచోట సరిచూచుకొనవలయును. రెండవ ప్రపంచయుద్ధపు కథయు, పిమ్మటి కథయు అందుండవు. కావున దానితో బాటు ఇటీవలి పుస్తక మొకటి కావలయును. ఒకే పుస్తకమున సమస్తమును వెదకక, ఒకదాని లోపమును మఱియొకటి పూరించునట్లు రెండింటిని ఎన్నుకొనుట యుక్తము. ప్రశ్నలకు జవాబులు మాత్రము కూర్చిన గైడు ఈ రెండింటిలో ఏదియు కాజాలదు.

ఇక పని. మీ యూరి గ్రంథాలయమునకు చరిత్రగ్రంథము కొనదలచినపుడు నలుగురు పెద్దలు, ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు పిల్లలు రచ్చబండ చెంత ఒక సాయంకాలము కూర్చుండుడు. రెండు మూడు పుస్తకములను ఎఱువు తెచ్చి ఈ పరీక్షలు చేయుడు. పిల్లలను తప్పక కూర్చుండబెట్టుడు, చదువవలసినవారు వారే. కొన్న పిమ్మట బీరువాలో పెట్టి తాళము వేయకుడు. మీ యూరినుండి దూరదేశములకు పోయినవారి పేర్లు, యుద్ధమునకు గాని, కూలికి గాని, వర్తకమునకు గాని పోయినవారివి, మీకు జ్ఞాపక మున్నంతవఱకు ఒక తెల్లకాగితముపై వ్రాసి ఆ పుస్తకము వెనుక అంటింపుడు. అచ్చువేసినవారు విడిచిన పుట అది. దానిని వ్రాయగలవారు మీరే.

నా యొద్దకు వచ్చిన బాలు డిప్పుడు పెద్దవాడై యుండును. ఎచ్చట నున్నాడో నేనెఱుగను. అతని ప్రశ్నకు నేనాడు చెప్పవలసిన సమాధానము ఆలస్యముగా నైనను నేడు మీ యెదుట చెప్పుకొంటిని. మీ యింటి బిడ్డ అట్టి ప్రశ్న అడిగినచో, పరీక్షకు రాదని మాత్రము అనకుడు. వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కలసి వెదకుడు.